ఏమిచ్చారని కాదు, ఏది ఆగలేదని అడగాలి

తుపాను తీరం దాటిన రెండో రోజో, వరద నీరు మోకాళ్ల కిందికి దిగిన మూడో రోజో పత్రికల్లో ఒక ఫొటో తప్పకుండా వస్తుంది. మందుల కంపెనీ బ్యానర్ కట్టిన లారీ, దాని ముందు జెండా ఊపుతున్న కలెక్టరో మంత్రో, పక్కన వరసగా కంపెనీ అధికారులు. మర్నాడు ఇంకో ఫొటో: కార్పొరేట్ ఆసుపత్రి వారి ఉచిత వైద్య శిబిరం, వందల మందికి పరీక్షలు, మందుల పంపిణీ. ఆ వారంలోనే ముఖ్యమంత్రి చేతికి చెక్కు అందించే ఫొటో. ఇవన్నీ ఏళ్ల తరబడి చూసి చూసి మనలో ఒక అభిప్రాయం గట్టిపడిపోయింది. విపత్తు వేళ వైద్యరంగంలోని పెద్ద సంస్థలు సమాజానికి అండగా నిలుస్తున్నాయని, సర్కారు చేరలేని చోటికి అవి చేరుతున్నాయని నమ్ముతున్నాం. ఎన్ని లారీలు, ఎన్ని శిబిరాలు, ఎన్ని కోట్లు అన్నదాన్ని బట్టి ఆ సేవను కొలుస్తున్నాం.

ఈ అభిప్రాయాన్ని నేను ఖండిస్తున్నాను. లారీ పంపినవారి మంచితనాన్ని శంకించడం నా ఉద్దేశం కాదు. శిబిరాల్లో పొద్దుటి నుంచి చీకటి పడేదాకా నిలబడి పనిచేసే కుర్ర డాక్టర్లను, నర్సులను చూశాను, వాళ్లకు చేతులెత్తి నమస్కరిస్తాను. నా పేచీ అంతా మనం పట్టుకున్న కొలతతోనే. నిన్నటిదాకా రోజూ అందుతున్న వైద్యం ఒక్కసారిగా తెగిపోవడం వల్ల విపత్తులో మనుషులు చనిపోతున్నారు. బీపీ బిళ్ల, ఇన్సులిన్ సూది, డయాలసిస్ యంత్రం, ఆక్సిజన్, కాన్పు గది ఆగకుండా చూడటమే వైద్య సంస్థలు చేయగల అసలు సాయం. ఆగనిదానికి ఫొటో ఉండదు. ఫొటో లేదు కాబట్టి దాన్ని ఎవరూ అడగడం లేదు.

సింగ్‌నగర్‌లో ఒక పొద్దు

2024 సెప్టెంబరు 1న విజయవాడ మీద బుడమేరు విరుచుకుపడింది. కొల్లేరు దారి పట్టాల్సిన నీరు గట్లు తెంచుకుని సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ వీధుల్లోకి వచ్చింది. అదే సమయంలో కృష్ణమ్మ ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి ఉరికింది. రోజుల తరబడి జనం మేడల మీద, డాబాల మీద గడిపారు. డ్రోన్లతో అన్నం పొట్లాలు, నీళ్ల సీసాలు, మందులు జారవిడిచారు.

నీరు తీశాక ఆ వీధుల్లో ఒక వైద్య శిబిరం దగ్గర నిలబడ్డాను. బురద ఇంకా చెప్పులకు అంటుకుంటోంది. షామియానా కింద రెండు టేబుళ్లు, వెనక ఆసుపత్రి పేరుతో నిలువెత్తు ఫ్లెక్సీ. వరసలో ఒక పెద్దావిడ వంతు వచ్చింది. ఆమె చేతిలో మందుల చీటీ ఉంది. నీళ్లలో నాని, ఆరి, అప్పడంలా బిగుసుకుపోయింది. సిరా అంతా నీలపు మరకైంది. ఒక్క అక్షరమూ తెలియడం లేదు.

“బాబూ, చిన్న తెల్ల బిళ్లొకటి, పొద్దున్నే వేసుకునేది. రెండు పూటలా సూది. ఆ సీసా ఫ్రిజ్‌లో ఉండేది, ఫ్రిజ్జే పోయింది. సూది వేసుకుని అయిదు రోజులైంది,” అంది.

డాక్టరు పాతికేళ్ల కుర్రాడు. చీటీని వెలుతురుకు ఎత్తి పట్టుకుని చదవడానికి నిజంగా ప్రయత్నించాడు. “మామ్మగారూ, షుగరు మందులు మాకు ఇచ్చి పంపలేదండీ. జ్వరానికి, ఒళ్లు నొప్పులకు, విరేచనాలకు ఉన్నాయి,” అన్నాడు. అతని గొంతులో సిగ్గు వినిపించింది. ఆమెకు ఒక కవరు ఇచ్చారు. అందులో ఒక పారాసిటమాల్ స్ట్రిప్, బి-కాంప్లెక్స్ బిళ్లలు, రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ఆసుపత్రి ఫోన్ నంబరున్న కరపత్రం ఉన్నాయి. రిజిస్టరులో పేరు రాసుకుని వేలిముద్ర తీసుకున్నారు.

ఆ సాయంత్రం లెక్కలో ఆమె ఒక లబ్ధిదారు. శిబిరం విజయవంతమైంది. ఆమెకు మాత్రం సూది అందలేదు.

ఆ కుర్ర డాక్టరుది తప్పు కాదు. వరద పాలైన పేటలో ఏ జబ్బులున్నాయో కనుక్కోకుండా, ఏ శిబిరానికైనా ఒకే పెట్టె సర్ది పంపే పద్ధతిది తప్పు.

కాలం మారింది, దానం మారలేదు

ఈ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు వేల ప్రాణాలు పోయాయి. ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి. అప్పుడు బతికి బయటపడ్డవారికి గాయాలు, ఆకలి, కలరా భయం. ఊళ్లో ఆసుపత్రి లేదు, మందుల షాపు లేదు. అలాంటి చోటికి కట్టు గుడ్డలతో, సెలైన్ సీసాలతో వచ్చిన ప్రతి బండీ ప్రాణం పోసినట్టే. ఎక్కడెక్కడి వారో వచ్చి చేసిన ఆ సేవను తీరప్రాంతం మరచిపోలేదు, మరచిపోకూడదు కూడా.

కానీ ఈ యాభై ఏళ్లలో మన ఒంటి జబ్బులే మారిపోయాయి. ఇవాళ ఏ వీధిలో చూసినా షుగరు, బీపీ, గుండె జబ్బు, కిడ్నీ జబ్బు. స్టెంట్ వేయించుకున్నవారు, థైరాయిడ్ బిళ్ల మీద ఉన్నవారు, మూర్ఛ మందు ఒక్క పూట తప్పినా పడిపోయేవారు ఉన్నారు. వీళ్ల ప్రాణం రోజువారీ మందు అనే సన్నటి దారం మీద నిలబడి ఉంది. తుపాను ఆ దారాన్ని తెంపుతుంది. 1977లో కలరాకు భయపడి సర్దిన పెట్టెనే ఈనాటికీ సర్ది పంపిస్తే, తెగిన దారం తెగినట్టే ఉంటుంది.

దీనికి నిలువెత్తు సాక్ష్యం కరీబియన్ సముద్రంలోని ప్యూర్టో రికో. 2017 సెప్టెంబరు 20న మరియా తుపాను ఆ దీవిని కొట్టింది. దీవి అంతటా కరెంటు పోయింది. చివరి ఇళ్లకు తిరిగి వెలుగు రావడానికి దాదాపు 11 నెలలు పట్టింది. ప్రభుత్వం చాలాకాలం చెబుతూ వచ్చిన మృతుల సంఖ్య 64. ఏడాది తిరిగాక, జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయం అధ్యయనం చేసి లెక్క తేల్చాక, అదే ప్రభుత్వం ఆ సంఖ్యను 2,975గా ఒప్పుకుంది. హార్వర్డ్ పరిశోధకులు విడిగా ఇంటింటికీ తిరిగి సర్వే చేశారు. అందులో తేలిన మరణాల్లో సుమారు మూడో వంతుకు కారణం వైద్యం ఆలస్యం కావడమో, మధ్యలో ఆగిపోవడమో. అంటే తుపాను గాలి ఆగిపోయిన తర్వాత కూడా వారాల తరబడి, నెలల తరబడి జనం చనిపోతూనే ఉన్నారు. వాళ్లలో చాలామందిని ముంచింది నీరు కాదు, పనిచేయని ఆక్సిజన్ యంత్రం, దొరకని మందు, మూసిన ఆసుపత్రి.

ఇందులో ఇంకో కఠోర సత్యం ఉంది. ప్యూర్టో రికోలో మందుల తయారీయే ప్రధాన పరిశ్రమ. ప్రపంచంలో పేరున్న కంపెనీలకు అక్కడ ఫ్యాక్టరీలున్నాయి. అమెరికా ఆసుపత్రులు వాడే చిన్న సెలైన్ సంచులను పెద్ద ఎత్తున బాక్స్‌టర్ కంపెనీ అక్కడే తయారుచేసేది. ఫ్యాక్టరీకి కరెంటు పోగానే అమెరికా ఆసుపత్రులన్నిటా ఆ సంచులకు కటకట వచ్చింది. మందులు పుట్టే గడ్డ మీదే జనం మందు అందక పోయారు. హైదరాబాదును మందుల రాజధాని అని, విశాఖ పక్కన పరవాడలో ఫార్మా సిటీ ఉందని గర్వంగా చెప్పుకునే మనం ఈ పాఠాన్ని గుండెకు హత్తుకోవాలి. ఫ్యాక్టరీ మన ఊళ్లో ఉన్నంత మాత్రాన మందు మన ఇంట్లో ఉన్నట్టు కాదు.

ఎక్కువ మందులంటే ఎక్కువ సాయమా?

“అసలేమీ లేనిదానికన్నా ఏదో ఒకటి వచ్చింది కదా, మందు ఎన్ని వస్తే అంత మంచిదే కదా” అంటారు చాలామంది. అన్నం విషయంలో ఈ మాట కొంతవరకు చెల్లుతుంది. మందు విషయంలో చెల్లదు. ఎవరికి, ఏ జబ్బుకు, ఎంత మోతాదులో అన్నది తెలియనప్పుడు మందు బరువే అవుతుంది, ఒక్కోసారి విషం కూడా అవుతుంది.

1988లో ఆర్మేనియాలో భూకంపం వచ్చింది. ప్రపంచం నలుమూలల నుంచి 5,000 టన్నుల మందులు, వైద్య సామగ్రి వెల్లువెత్తాయి. వచ్చింది ఏమిటో తెలుసుకోవడానికే 50 మందికి ఆరు నెలలు పట్టింది. వచ్చేసరికే 8 శాతం మందులకు గడువు తీరిపోయింది, 4 శాతం మంచుకు పాడైపోయాయి. మిగిలినవాటిలో సులువుగా గుర్తుపట్టగలిగినవి 30 శాతమే. చాలావాటి మీద కంపెనీ పెట్టుకున్న బ్రాండు పేరు తప్ప మందు అసలు పేరు లేదు. శిథిలాల కింది నుంచి మనుషుల్ని తీయాల్సిన సమయంలో చేతులన్నీ అట్టపెట్టెలు విప్పడంలో మునిగిపోయాయి.

2004 డిసెంబరు సునామీ తర్వాత ఇండోనేసియాలోని అచే ప్రాంతంలో ఇదే జరిగింది. ఇరవై లక్షల లోపు జనాభాకు సుమారు 4,000 టన్నుల మందులు వచ్చిపడ్డాయి. వాటిలో సగానికి మించి ఆ దేశపు అత్యవసర మందుల జాబితాలోనే లేవు. డెబ్భై శాతం వాటి మీద అక్కడివారికి అర్థంకాని భాషలో రాసి ఉంది. చివరికి 600 టన్నుల మందులను నాశనం చేయవలసి వచ్చింది. ఆ పనికి మళ్లీ డబ్బు, మళ్లీ మనుషులు. బాధితుల దేశం మీద కష్టం మీద కష్టం.

ఇలాంటి అనుభవాలు చూసే ప్రపంచ ఆరోగ్య సంస్థ 1996లో మందుల దానానికి మార్గదర్శకాలు పెట్టింది. సారాంశం సులువుగానే చెప్పొచ్చు: అడిగినవే పంపండి, గడువు కనీసం ఏడాది ఉన్నవే పంపండి, మందు అసలు పేరు అక్కడివారికి తెలిసిన భాషలో ఉండాలి, మీ దేశంలో పనికిరానిది ఇంకొకరికి దానం చేయకండి. ముప్పై ఏళ్లు కావస్తోంది. మన దగ్గర లారీకి జెండా ఊపేముందు, లోపల ఏముందో, దాన్ని ఎవరు అడిగారో ఒక్కరైనా ప్రశ్నిస్తున్నారా? కంపెనీ గోదాములో కదలని సరుకుకూ, పునరావాస కేంద్రంలో ఉన్న గర్భిణికి కావలసిన మందుకూ తేడా చూసే బాధ్యత ఎవరిదో తేల్చకుండా, వచ్చిన ప్రతి పెట్టెనూ పుణ్యం ఖాతాలో వేసుకోవడం బాధితులకు చేసే అన్యాయమే.

ఇది చదివి మందుల దానమే వద్దంటున్నానని అనుకోవద్దు. 2018లో కేరళను వరదలు ముంచాక, ఎలుకల మూత్రం కలిసిన నీటి ద్వారా సోకే లెప్టోస్పైరోసిస్ జ్వరం పొంచి ఉందని అక్కడి ఆరోగ్యశాఖకు తెలుసు. నీళ్లలో పనిచేసేవారికి వారానికోసారి డాక్సీసైక్లిన్ బిళ్లలు వేయించే పని పెద్ద ఎత్తున పెట్టుకుంది. అది ఖరీదైన మందేమీ కాదు, కొద్ది రూపాయల బిళ్ల. ఏ జబ్బు వస్తుందో ముందే తెలుసు, ఏ బిళ్ల కావాలో తెలుసు, ఇంటింటికీ తీసుకెళ్లే ఆశా కార్యకర్త ఉంది. ఈ మూడూ కుదిరిన చోట ఏ కంపెనీ ఒక్క పెట్టె ఇచ్చినా అది ప్రాణదానమే.

గోడ దాటని బలం

ప్రైవేటు సంస్థలు ప్రభుత్వం కన్నా చురుకైనవి, దిట్టమైనవి, కాబట్టి విపత్తులో వాటి మీద ఆధారపడటమే తెలివి అన్నది రెండో వాదన. ఈ మాట అనేవారు 2005లో అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ నగరాన్ని చూడాలి.

కత్రినా తుపానుకు కరకట్టలు తెగి నగరం మునిగింది. టూలేన్ ఆసుపత్రిని నడిపే హెచ్‌సీఏ పెద్ద కంపెనీ. హెలికాప్టర్లు అద్దెకు తెచ్చి, కారు పార్కింగు భవనం పైకప్పు మీది నుంచి తన రోగుల్ని, సిబ్బందిని తరలించింది. తన రోగుల కోసం చేయవలసింది చేసింది, అందులో తప్పు పట్టను. కానీ దగ్గరలోనే పేదల ప్రభుత్వాసుపత్రి చారిటీ ఉంది. అక్కడి డాక్టర్లు చీకట్లో, చేత్తో గాలి సంచులు నొక్కుతూ రోగుల ఊపిరి నిలబెడుతూ రోజుల తరబడి ఎదురుచూశారు. వాళ్ల రోగుల్లో కొందరు తర్వాత ఆ పైకప్పు మీదికే చేరి బయటపడ్డారు. కంపెనీ బలం ఎంత గొప్పదైనా ముందు తన గోడ లోపలే పనిచేస్తుందని ఆ రెండు ఆసుపత్రులూ చూపించాయి.

అదే నగరంలో టెనెట్ అనే మరో పెద్ద కంపెనీకి చెందిన మెమోరియల్ ఆసుపత్రిలో, నీరు తీశాక 45 మృతదేహాలు బయటపడ్డాయి. జెనరేటర్లను నడిపే విద్యుత్ పరికరాల్లో కొన్ని నీరు చేరే ఎత్తులోనే ఉన్నాయి. ఆ ప్రమాదం అంతకుముందే తెలిసినా, ఖర్చు ఎక్కువని మార్చలేదు. రోగులు, వాళ్ల కుటుంబాలు వేసిన దావాను కంపెనీ 2011లో 2 కోట్ల 50 లక్షల డాలర్లకు రాజీ చేసుకుంది. ఆ పరికరాలను ముందే పై అంతస్తుకు చేర్చి ఉంటే ఎవరూ ఫొటో తీసేవారు కాదు. ఎంతోమంది మాత్రం ఇంటికి వెళ్లేవారు.

అంత దూరం ఎందుకు? 2015 డిసెంబరులో చెన్నై వరదల్లో అడయారు పక్కన ఉన్న పేరుమోసిన ప్రైవేటు ఆసుపత్రిలో కరెంటు పోయి, జెనరేటర్లు మునిగి, ఐసీయూలోని పలువురు రోగులు ప్రాణాలు కోల్పోయిన విషాదం మనకు తెలుసు. ఎంత పెద్ద పేరున్నా, ఎంత ఖరీదైన యంత్రాలున్నా, జెనరేటర్ నీరు చేరే చోట ఉంటే ఫలితం ఒక్కటే. ఆ మర్నాడు అదే రంగంలోని సంస్థలు నగరమంతా శిబిరాలు పెట్టినా పోయిన ప్రాణాలు తిరిగి రాలేదు.

ఫ్యాక్టరీల సంగతీ అంతే. 2024 సెప్టెంబరు చివర్లో హెలీన్ తుపాను నార్త్ కరోలినాను ముంచినప్పుడు బాక్స్‌టర్ కంపెనీ ఫ్యాక్టరీ ఒకటి నీటమునిగింది. అమెరికా మొత్తానికి కావలసిన సెలైన్‌లో సుమారు 60 శాతం ఆ ఒక్క చోటే తయారవుతోందని అప్పుడు జనానికి తెలిసింది. తుపాను ముఖం చూడని రాష్ట్రాల్లో కూడా ఆపరేషన్లు వాయిదా వేశారు. ప్యూర్టో రికో దెబ్బ తగిలి ఏడేళ్లే అయింది. ఖర్చు తగ్గుతుందని అన్నీ ఒకే కప్పు కింద పెట్టుకునే వ్యాపారానికి, ఎన్ని విరాళాలిచ్చినా తీరని బాకీ ఇది.

ఇచ్చేవారిని విమర్శించకూడదా?

“ఇచ్చేవారిని కూడా తప్పుపడితే రేపు ఎవరూ ముందుకు రారు” అన్నది మూడో వాదన. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. దీంతో అడగవలసిన నోళ్లన్నీ మూతపడుతున్నాయి.

2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, నిర్ణీత పరిమాణం దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. 2019 నుంచి విపత్తు సహాయం, పునరావాసం కూడా ఆ జాబితాలో స్పష్టంగా ఉన్నాయి. ఆ పద్దు కింద పెట్టే ఖర్చు చట్టం చెప్పిన బాధ్యత. బాధ్యత ఎలా నెరవేరింది అని అడగడం పౌరుల హక్కు. ముఖ్యమంత్రి సహాయనిధికి ఇచ్చేది ఈ లెక్కలోకి రాదు. కాబట్టి అలా ఇచ్చినవారి ఔదార్యాన్ని నేను తక్కువ చేయను. ఇక 2021లో సవరించిన నిబంధనలు ఇంకో మాట కూడా చెప్పాయి: తమ సరుకుకో సేవలకో మార్కెట్ లాభం వచ్చేలా స్పాన్సర్ చేసిన పనులు సామాజిక బాధ్యత కిందికి రావు. పునరావాస కేంద్రంలో నిలువెత్తు ఫ్లెక్సీ కట్టి, మందు కవరులో హెల్త్ చెకప్ కరపత్రం పెట్టి పంచేవారు ఈ వాక్యాన్ని తమ ఆఫీసు గోడకు రాసుకోవాలి. ఇల్లు మునిగి కట్టుబట్టలతో నిలబడ్డ మనిషిని రేపటి ఖాతాదారుగా చూడటం వైద్యానికి తగని పని.

ఆగకుండా నడిపినవారు

ఇది ఖండన కోసం ఖండన కాదు. సంస్థలు సరైన దారిలో పనిచేస్తే ఏం జరుగుతుందో మన గడ్డ మీదే చూశాం. 2005 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో 108 అంబులెన్స్ మొదలైంది. సత్యం రామలింగరాజు కుటుంబం స్థాపించిన ఈఎంఆర్ఐ దాన్ని మొదలుపెట్టింది, తర్వాత ప్రభుత్వం ఒప్పందం చేసుకుని నిర్వహణ ఖర్చులో అత్యధిక భాగం భరించింది. 2009లో సత్యం కంపెనీ కుప్పకూలినప్పుడు కూడా 108 ఆగలేదు. అప్పట్లో జీవీకే సంస్థ చేతికి వెళ్లి సేవ కొనసాగింది. తుపాను రోజున 108 పనికొస్తోందంటే, అది తుపాను కోసం వచ్చిన బండి కాకపోవడమే కారణం. మామూలు మంగళవారం నాడు కూడా వచ్చే బండి, ఊరి దారులు తెలిసిన డ్రైవరు ఉన్న బండి. ప్రైవేటు నైపుణ్యం, ప్రజల డబ్బు, రోజువారీ పని కలిస్తేనే విపత్తులో నిలబడే సేవ తయారవుతుంది.

ఒడిశాను చూడండి. 1999 పెను తుపానులో పదివేల మంది దాకా పోయిన రాష్ట్రం, 2013లో పైలిన్ వచ్చేనాటికి మరణాలను పదుల్లోకి దించింది. లక్షల మందిని ముందే తరలించింది. కాన్పు రోజులు దగ్గరపడ్డ ఆడవాళ్లను గాలి మొదలవక ముందే ఆసుపత్రులకు చేర్చడం అక్కడ అలవాటైంది. మన తీర జిల్లాల్లోనూ ఏఎన్ఎంలు, ఆశాలు ఇదే చేస్తున్నారు. గాలిలో, వానలో నిండు గర్భిణిని ఆటో ఎక్కించి పీహెచ్‌సీకి తీసుకెళ్లే ఆశా కార్యకర్తే విపత్తు వైద్యానికి అసలైన మొదటి డాక్టరు. ఆమె ఫొటో ఏ పత్రికలోనూ పెద్దగా రాదు.

కత్రినా దెబ్బ తిన్నాక అమెరికాలో మందుల తయారీదారులు, పంపిణీదారులు, షాపులవాళ్లు కలిసి ఒక ఏర్పాటు చేసుకున్నారు. తుపాను వచ్చినప్పుడు ఏ మందుల షాపు తెరిచి ఉందో, ఏది మూసి ఉందో ఒక పటం మీద జనానికి చూపిస్తారు. చీటీ పోయిన దీర్ఘరోగికి కొద్ది రోజుల మందు ఇచ్చే అధికారం ఎన్నో రాష్ట్రాల్లో ఫార్మసిస్టుకు ఉంది. సింగ్‌నగర్ పెద్దావిడకు కావలసింది సరిగ్గా ఇదే.

ఉద్దానం అడిగే ప్రశ్న

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో నేను చెప్పేదంతా ఒకే చోట కనిపిస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస పల్లెల్లో కిడ్నీ జబ్బు ఇంటింటి దుఃఖం. దాని కారణం ఇదీ అని నేటికీ తేల్చలేకపోయారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఆ పల్లెల మీదుగానే తీరం దాటింది. తరాల నాటి కొబ్బరిచెట్లు, జీడితోటలు ఒక్క రాత్రిలో నేలకొరిగాయి. కరెంటు స్తంభాలు విరిగిపడ్డాయి. రోజుల తరబడి చీకటి, తాగునీటికి కూడా ట్యాంకరు కోసం బిందెలతో వరసలు.

ఇప్పుడు ఒక్క లెక్క చెయ్యండి. డయాలసిస్ రోగికి వారానికి రెండు మూడు సార్లు యంత్రం కావాలి, ఒక్కోసారి నాలుగు గంటలు. ఒక్కరికి ఒక్కసారికి సుమారు 120 లీటర్ల శుద్ధిచేసిన నీరు కావాలి. ఆ నీటిని శుద్ధి చేయడానికి కరెంటు కావాలి. రెండు మూడు సార్లు తప్పితే ఒంట్లో నీరు పేరుకుని ఊపిరాడదు, పొటాషియం పెరిగి గుండె ఆగిపోవచ్చు. అలాంటి చోటికి తుపాను తర్వాత పది లారీల విటమిన్ బిళ్లలు పంపి ఏం లాభం? అక్కడ కావలసినవి డీజిలు నిండిన జెనరేటర్, డయాలసిస్ కేంద్రానికి మొదటి వాయిదాలోనే వెళ్లే నీళ్ల ట్యాంకరు, తుపాను హెచ్చరిక రాగానే రోగులందరికీ ఒక రోజు ముందే డయాలసిస్ చేసి ఉంచే ఏర్పాటు. ఇవేవీ దానాలు కావు, ఒప్పందంలో రాసుకుని అమలు చేయవలసిన షరతులు. 2016 నుంచి జాతీయ డయాలసిస్ కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రుల ఆవరణలో ప్రైవేటు సంస్థలు ఇలాంటి కేంద్రాలు నడుపుతున్నాయి. కాబట్టి అడిగే వీలు, అడిగే హక్కు రెండూ ఉన్నాయి.

ప్రభుత్వం కూడా తన వంతు తప్పించుకోవడానికి వీల్లేదు. బిల్లుల బకాయిలు పేరుకుపోయి, ప్రభుత్వ ఆరోగ్య పథకాల కింద వైద్యం చేసే నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేసిన సందర్భాలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చూశాం. మామూలు రోజుల్లో చెల్లించని సర్కారు తుపాను రోజున ‘ఆగకండి’ అని గట్టిగా చెప్పే స్థితిలో ఉండదు. చెల్లింపు సక్రమంగా ఉండాలి, షరతు కఠినంగా ఉండాలి.

కావలసినవి ఇవి. తీర జిల్లాల్లో, వరద ముప్పున్న పట్టణాల్లో ప్రతి ఆసుపత్రీ, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, జెనరేటర్ ఎంత ఎత్తులో ఉందో, ఎన్ని గంటల ఇంధనం ఉందో ముందే ప్రకటించాలి. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లోనే ఆసుపత్రి భద్రతకు మార్గదర్శకాలు ఇచ్చింది, వాటిని అనుమతుల పునరుద్ధరణకు ముడిపెట్టాలి. ఇన్సులిన్, బీపీ, మూర్ఛ, గుండె మందులు నెల రోజులకు సరిపడా ప్రతి జిల్లా మందుల గోదాములో అదనంగా ఉండేలా కంపెనీలు రాతపూర్వకంగా మాట ఇవ్వాలి. ఏ ఊళ్లో ఎవరికి షుగరో, ఎవరికి బీపీయో ఏఎన్ఎం దగ్గర జాబితా ఉంది. వరద వచ్చినప్పుడు ఆ జాబితాను పట్టుకునే మందులు కదలాలి. జిల్లా వైద్యాధికారి రాసి అడగని పెట్టె ఒక్కటి కూడా దిగకూడదు. పునరావాస కేంద్రంలో ఏ సంస్థ ఫ్లెక్సీ కట్టకూడదు.

చివరగా పాఠకులకు, ముఖ్యంగా ఈ రంగంలో పనిచేసే వేలాది తెలుగువారికి ఒక విన్నపం. మీలో మందుల కంపెనీ ఉద్యోగులున్నారు, ఆసుపత్రుల మేనేజర్లున్నారు, స్టాకిస్టులున్నారు, విలేకరులున్నారు. బంగాళాఖాతం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనల్ని ఏటా పరీక్షిస్తుంది. ఈసారి తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు లారీ సిద్ధం చేసే ముందు మీ జెనరేటర్ ఎక్కడుందో వెళ్లి చూడండి. మీ స్టాకులో ఇన్సులిన్ ఎన్ని రోజులకు ఉందో లెక్కపెట్టండి. మీ డయాలసిస్ రోగుల పేర్లు, ఫోన్ నంబర్లు కాగితం మీద రాసి పెట్టుకోండి. విలేకరులారా, జెండా ఊపిన ఫొటోతో పాటు ఒక్క ప్రశ్న ప్రచురించండి: నిన్న నడిచిన వైద్యంలో ఈ రోజు ఏది ఆగింది, ఎవరికి ఆగింది? దానికి జవాబు చెప్పగలిగిన సంస్థే సమాజానికి అండగా నిలిచినట్టు. చెప్పలేని సంస్థ ఎన్ని కోట్లిచ్చినా ఆ మాటకు అర్హం కాదు.